స్టార్ టీమ్ మారాడా? తిట్టే ముందు వేయాల్సిన లెక్కలు

అమెరికా తూర్పు తీరంలో జూన్ 30 సాయంత్రం 6 గంటలకు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్ళు ఏ టీమ్‌తోనైనా మాట్లాడుకునే కాలం, మొదలవుతుంది. హైదరాబాద్‌లో అప్పటికి జూలై 1, తెల్లవారుజాము 3:30. ఆరింటికల్లా నారాయణగూడలోనో సికింద్రాబాద్‌లోనో కోర్టు మీదికి వచ్చేవాళ్ళు షూ లేసులు కట్టుకుంటూనే తీర్పు చెప్పేస్తారు: డబ్బుకి పోయాడు, కప్పు కోసం పారిపోయాడు, ఊరికి ద్రోహం చేశాడు. ఇవి మూడు వేర్వేరు ఆరోపణలు. ఒక్కోదానికి ఒక్కో సాక్ష్యం కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో, ఏ వరసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాం.

ఎంచుకున్నది అసలు అతనేనా?

ఐపీఎల్ చూసి పెరిగినవాళ్ళు తడబడేది ఇక్కడే. వేలంలో ఆటగాడు టీమ్‌ని ఎంచుకోడు, ఎవరు పాట పెంచితే వాళ్ళ జెర్సీ వేసుకుంటాడు. అందుకే 2021 సీజన్ మధ్యలో సన్‌రైజర్స్ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తప్పించి, మరుసటి ఏడాది అతను ఢిల్లీకి ఆడినప్పుడు, ఇక్కడి జనం కోపం మేనేజ్‌మెంట్ మీదికే పోయింది. అదే హార్దిక్ పాండ్యాని చూడండి. గుజరాత్ నుంచి ముంబైకి ట్రేడ్ (టీమ్‌ల మధ్య బదిలీ) మీద వెళ్ళి, రోహిత్ కుర్చీలో కూర్చునేసరికి, 2024లో అహ్మదాబాద్‌లోనే కాదు, సొంత గ్రౌండ్ వాంఖడేలో కూడా గేలి చేశారు. ఆ జూన్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి గెలిపించాక, అదే వాంఖడే అతని పేరుతో మార్మోగింది. జనం శిక్ష వేసేది 'ఇది నీ ఇష్టంతో చేశావు' అని నమ్మినప్పుడే.

కాబట్టి వార్త రాగానే మొదట చూడాల్సింది అతను ఏ దారిలో వెళ్ళాడన్నది. ట్రేడ్ అయితే కాగితం మీద నిర్ణయం టీమ్‌ది. 2025 ఫిబ్రవరిలో డాలస్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి పంపినప్పుడు అభిమానుల నినాదాలన్నీ జనరల్ మేనేజర్ మీదే. లూకా పరువు చెక్కుచెదరలేదు. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయితే వేరే టీమ్ ఇచ్చిన ఆఫర్ ఎంతో అంతే తానూ ఇచ్చి పాత టీమ్ ఆపేయొచ్చు, కాబట్టి వెళ్ళనిచ్చిన బాధ్యతలో సగం పాత టీమ్‌దే. పాత టీమ్‌కి ఆ హక్కు లేని అన్‌రిస్ట్రిక్టెడ్ అయితేనే ఎంపిక పూర్తిగా అతనిది.

నాలుగో దారి ఒకటుంది, ఈ మధ్య పెద్ద స్టార్లు ఎక్కువ వాడుతున్నది అదే: పాత టీమ్ దగ్గరే లావుపాటి ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) మీద సంతకం పెట్టి, ఆ తర్వాత ట్రేడ్ అడగడం. కెవిన్ డ్యురాంట్ 2021 ఆగస్టులో బ్రూక్లిన్‌తో పొడిగించుకుని, 2022 జూన్‌లో పంపేయమన్నాడు. 2023 ఫిబ్రవరిలో ఫీనిక్స్ చేరాడు. డామియన్ లిల్లార్డ్ కూడా 2022లో పోర్ట్‌ల్యాండ్‌తో పొడిగించుకున్నాడు, 2023 జూలైలో మయామీకి పంపమన్నాడు, చివరికి మిల్వాకీలో తేలాడు. మా లెక్కలో ఫ్రీ ఏజెంట్‌గా వెళ్ళినవాడే వీళ్ళకన్నా నయం. ఒప్పుకున్న కాలమంతా ఆడి, ఆ తర్వాతే వెళ్ళాడు. అయినా తిట్లు ఎక్కువ పడేది అతనికే, ఎందుకంటే ట్రేడ్‌లో పాత టీమ్‌కి బదులుగా ఎవరో ఒకరు వస్తారు, ఫ్రీ ఏజెన్సీలో మిగిలేది ఖాళీ లాకర్.

'డబ్బుకి పోయాడు' అనే ముందు కాలిక్యులేటర్

ముందుగా ఒక చిన్న జాగ్రత్త. మిలియన్ అంటే 10 లక్షలు. 54 మిలియన్ అంటే 5.4 కోట్ల డాలర్లు, 54 కోట్లు కాదు. ఈ తప్పు చాలా వాట్సాప్ ఫార్వర్డుల్లో కనిపిస్తుంది, అది కూడా రూపాయల్లోకి మార్చకముందే.

మాక్స్ జీతం (ఒక ఆటగాడికి ఇవ్వగలిగిన గరిష్ఠం) శాలరీ క్యాప్‌లో, అంటే టీమ్ జీతాలకి లీగ్ ఏటా పెట్టే పరిమితిలో, కొంత శాతం. లీగ్‌లో 0 నుంచి 6 ఏళ్ళ అనుభవం ఉంటే 25 శాతం, 7 నుంచి 9 ఏళ్ళయితే 30, పదేళ్ళు దాటితే 35. 2025–26 క్యాప్ 15.46 కోట్ల డాలర్లు. అంటే పదేళ్ళు దాటిన స్టార్‌కి మొదటి ఏడాది మాక్స్ సుమారు 5.41 కోట్లు.

సొంత టీమ్ ఐదేళ్ళు ఇవ్వగలదు, ఏటా పెంపు 8 శాతం. బయటి టీమ్ నాలుగేళ్ళే ఇవ్వగలదు, పెంపు 5 శాతం. ఈ పెంపు చక్రవడ్డీలా పెరగదు, ఎప్పుడూ మొదటి ఏడాది జీతం మీదే లెక్క. అంటే సొంత టీమ్ మొత్తం తెలియాలంటే మొదటి ఏడాది జీతాన్ని 5.8తో గుణించండి, బయటి టీమ్‌కైతే 4.3తో. 31.4 కోట్లు, 23.3 కోట్లు వస్తాయి. 'ఎనిమిది కోట్ల డాలర్లు వదులుకున్నాడు' అనే హెడ్‌లైన్ పుట్టేది ఈ తేడాలోంచే.

ఆ తేడాలో పెద్ద ముక్క ఐదో ఏడాదిది. నాలుగేళ్ళని నాలుగేళ్ళతోనే పోల్చాలి. సొంత టీమ్ దగ్గర మొదటి నాలుగేళ్ళకి గుణకం 4.48, అంటే 24.2 కోట్లు. బయట 23.3. నిజంగా వదులుకున్నది కోటి డాలర్ల లోపే. ఐదో ఏడాది అతను ఎక్కడో ఒకచోట ఆడి సంపాదిస్తాడు కదా. ముప్పై దాటి, మోకాలి సర్జరీ అయినవాడికి మాత్రం ఐదో ఏడాది గ్యారంటీ నిజమైన డబ్బే. కాబట్టి వయసు, గాయాల చరిత్ర చూశాకే ఆ ఏడాదిని లెక్కలో కలపాలా వద్దా తేల్చుకోండి.

ఈ లెక్క తిరగబడే సందర్భం సూపర్‌మాక్స్. 7 నుంచి 9 ఏళ్ళ అనుభవం ఉండి, ఎంవీపీయో (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు) ఆల్ ఎన్‌బీఏ టీమ్‌లో (ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ళ జాబితా) చోటో లాంటి అర్హత సంపాదించినవాడికి, అతన్ని డ్రాఫ్ట్ చేసిన (కొత్త ఆటగాళ్ళ ఎంపికలో తీసుకున్న) టీమ్ (లేదా కెరీర్ తొలి నాలుగేళ్ళలో ట్రేడ్ మీద తెచ్చుకున్న టీమ్) 30 బదులు 35 శాతం ఇవ్వొచ్చు. బయటివాళ్ళకి ఆ వీలు లేదు. అప్పుడు నాలుగేళ్ళకి నాలుగేళ్ళు పోల్చినా 24.2 కోట్లకి 19.9 కోట్లు. నాలుగు కోట్లకి పైగా తేడా. ఇంత వదిలి వెళ్ళినవాణ్ణి 'డబ్బు మనిషి' అనడం కుదరదు. ఇంకేదో కారణం ఉంది, అది వెతకాలి.

పన్నులు కూడా చూడాలి కానీ మితంగా. టెక్సస్, ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబు 13.3 శాతం. అయితే 82 మ్యాచుల్లో 41 బయటి ఊళ్ళలోనే ఆడాలి, చాలా రాష్ట్రాలు అక్కడ ఆడిన రోజుల సంపాదన మీద పన్ను వేస్తాయి. మయామీ ఆటగాడైనా లాస్ ఏంజెలెస్‌లో ఆడిన రోజుకి కాలిఫోర్నియాకి కట్టాల్సిందే. 'ట్యాక్స్ లేని ఊరు కాబట్టి పోయాడు' అనే వాదన సగమే నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. తక్కువ సంవత్సరాల కాంట్రాక్ట్ చూసి 'టీమ్ మీద నమ్మకం లేదు' అనుకుంటారు. డ్యురాంట్ 2016లో గోల్డెన్ స్టేట్‌తో రెండేళ్ళకే ఎందుకు సంతకం పెట్టాడు? అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళ అనుభవం. రెండో ఏడాది తన ఇష్టానికే వదిలారు కాబట్టి, ఒక్క ఏడాది ఆడితే 35 శాతం తరగతిలోకి వస్తాడు. ఆ అవకాశం వచ్చాక 2017లో పూర్తి మాక్స్ తీసుకోకుండా దాదాపు 2.5 కోట్లకే ఆడాడు, సహచరులు ఇగ్వొడాలా, లివింగ్‌స్టన్‌లని టీమ్ నిలబెట్టుకోవడానికి. అతన్ని తిట్టేవాళ్ళలో ఈ సంగతి ఎత్తేవాళ్ళు అరుదు.

ఎవరి పక్కన చేరాడు?

పరువుకి పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. వెళ్ళడం కంటే, ఎక్కడికి వెళ్ళాడన్నది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మూడు విషయాలు రాసుకోండి. కొత్త టీమ్ అతను రాకముందు సీజన్‌లో ఎన్ని మ్యాచులు గెలిచింది? పోయినసారి ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశ) అతన్ని ఓడించింది ఆ టీమేనా? అక్కడ ఇప్పటికే 'ఇది ఫలానావాడి టీమ్' అనిపించుకున్న ఆటగాడు ఉన్నాడా?

లెబ్రాన్ జేమ్స్ 2010లో మయామీకి వెళ్ళే ముందు ఆ టీమ్ 47 గెలిచింది. అతను వదిలిన క్లీవ్‌లాండ్ 61 గెలిచింది. 2018లో లేకర్స్‌కి వెళ్ళేటప్పటికి వాళ్ళవి 35. కవాయ్ లెనర్డ్ 2019లో చేరిన క్లిప్పర్స్‌వి 48. డ్యురాంట్ 2016లో చేరిన గోల్డెన్ స్టేట్‌వి 73, అది ఎన్‌బీఏ రికార్డు. పైగా ఐదారు వారాల ముందే వెస్ట్ ఫైనల్లో (పశ్చిమ విభాగం ఫైనల్, ఏడు మ్యాచుల సిరీస్) అతని అప్పటి టీమ్ ఓక్లహోమా సిటీ అదే గోల్డెన్ స్టేట్ మీద 3–1 ఆధిక్యంలో ఉండి ఓడింది. ఆరో మ్యాచ్ సొంతగడ్డ మీద. ఆ రాత్రి గోల్డెన్ స్టేట్ ఆటగాడు క్లే థాంప్సన్ 11 త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు, డ్యురాంట్ 31 షాట్లలో 10 మాత్రమే వేశాడు. ఆ మ్యాచ్ మళ్ళీ చూస్తే, జూలై 4న అతను ఉత్తరం ద్వారా గోల్డెన్ స్టేట్ పేరు ప్రకటించినప్పుడు ఓక్లహోమా ఎందుకంత మండిపడిందో వేరే వివరించక్కర్లేదు. పై మూడు ప్రశ్నలకీ చెడ్డ జవాబే వచ్చిన అరుదైన కేసు ఇది.

తర్వాత 2017, 2018 రెండు టైటిళ్ళు, రెండుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ. అయినా అతని ఖాతాలో అవి పూర్తిగా జమ కాలేదు. బస్సు నడిపినవాడివా, ఎక్కి కూర్చున్నవాడివా అని మాజీ స్టార్, టీవీ వ్యాఖ్యాత చార్ల్స్ బార్క్లీ ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉన్నాడు. కాబట్టి 'రింగ్ (టైటిల్ గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరం) వస్తే అన్నీ మాఫీ' అనేది సగం నిజం. కష్టం కనిపించిన రింగ్‌కే మాఫీ చేసే శక్తి ఉంటుంది.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. 73 గెలిచిన టీమ్ దగ్గర మాక్స్ ఇచ్చేంత ఖాళీ ఎలా వచ్చింది? కొత్త టీవీ ఒప్పందం డబ్బు ఒక్కసారిగా రావడంతో క్యాప్ 7 కోట్ల నుంచి 9.4 కోట్లకి ఎగిరింది. విడతల వారీగా పెంచుదామన్న లీగ్ ప్రతిపాదనకి ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. అదీకాక ఆ టీమ్ స్టార్ స్టెఫ్ కరీ, చీలమండ గాయాల రోజుల్లో చేసుకున్న పాత కాంట్రాక్ట్ మీద ఆ ఏడాది 1.2 కోట్లకే ఆడుతున్నాడు. తలుపు తీసింది డ్యురాంట్ కాదు, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళాడు. 'లీగ్‌ని పాడుచేశాడు' అని అతని మీద వేసే నిందలో పెద్ద వాటా క్యాప్ గంతుకి పోవాలి.

ఎలా చెప్పాడు?

ఇది తూచడానికి ఒకే మనిషి (లెబ్రాన్) మూడు నిర్ణయాలు ఉన్నాయి, ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

2010 జూలై 8. కనెక్టికట్‌లోని గ్రెనిచ్‌లో ఒక పిల్లల క్లబ్బు, ఈఎస్‌పీఎన్‌లో గంట ప్రోగ్రాం. దాదాపు కోటి మంది చూస్తుండగా లెబ్రాన్ మయామీ పేరు చెప్పాడు. క్లీవ్‌లాండ్ జనం కూడా అందరితో పాటు టీవీలోనే విన్నారు. ఆ ప్రోగ్రాం మీద వచ్చిన డబ్బులో లక్షల డాలర్లు పిల్లల క్లబ్బులకి వెళ్ళాయి, ఆ మాట ఎవరికీ గుర్తులేదు. మర్నాడు మయామీలో పొగలు, లైట్ల మధ్య పండగ, ఎన్ని టైటిళ్ళు గెలుస్తామో వేళ్ళు మడిచి లెక్కపెట్టడం. అటు క్లీవ్‌లాండ్ యజమాని డాన్ గిల్బర్ట్ ఆవేశంతో బహిరంగ లేఖ రాసి, లీగ్‌కి లక్ష డాలర్ల జరిమానా కట్టాడు. అమెరికాలో ప్రముఖుల జనాదరణని కొలిచే క్యూ స్కోర్స్ ప్రకారం, ఆ ఏడాది జనవరిలో లెబ్రాన్‌ని ఇష్టపడినవాళ్ళు 24 శాతం, ఇష్టపడనివాళ్ళు 22. సెప్టెంబర్‌కి 14, 39 అయ్యాయి. ఈ రెండు కొలతల మధ్యలో అతను లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా కొత్త టీమ్‌కి ఆడలేదు. ఆటలో మార్పేమీ లేదు, చెప్పిన తీరే ఇంత చేసింది.

2014 జూలై 11. అతను సొంత ఊరి వైపు తిరిగి వస్తున్నట్టు స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్‌లో ఒక వ్యాసం. స్టేజీ లేదు, పార్టీ లేదు, టైటిల్ గ్యారంటీ ఇవ్వనని అందులోనే రాశాడు. నాలుగేళ్ళ కిందట అతని జెర్సీలు తగలబెట్టిన ఊరే స్వాగతం పలికింది. 2016 ఫైనల్లో 73 గెలిచిన గోల్డెన్ స్టేట్ మీద 1–3 నుంచి లేచి గెలవడంతో, 1964 తర్వాత ఆ ఊరికి పెద్ద లీగ్‌లలో మొదటి టైటిల్ వచ్చింది.

2018 జూలై 1. లేకర్స్‌తో నాలుగేళ్ళు, 15.4 కోట్ల డాలర్లు అని అతని ఏజెంట్ సంస్థ నుంచి ఒక్క వాక్యం ప్రకటన. రెండోసారి వదిలి వెళ్ళినా క్లీవ్‌లాండ్ మండిపడలేదు. ఊరి బాకీ 2016లోనే తీరిపోయింది, ఇక హడావిడి కూడా లేదు.

చూడాల్సినవి ఇవి: పాత టీమ్‌కి ముందుగా తెలిసిందా? ఊరి పేరు, అభిమానుల పేరు ప్రకటనలో ఎక్కడైనా ఉందా? ప్రకటన తర్వాత వారంలో అతను నోరు ఎంత తెరిచాడు? మూడోది తేలిగ్గా తీసుకోకండి. డ్యురాంట్ 2017 సెప్టెంబర్‌లో ట్విటర్‌లో తన గురించి తానే మూడో మనిషిలా రాసి, ఓక్లహోమా కోచ్‌ని తీసిపారేసి దొరికిపోయాడు. తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి చేతిలో టైటిల్ కూడా ఉంది.

వెనక ఏం మిగిలింది?

ఇది వెంటనే తేలదు. కవాయ్ లెనర్డ్ టొరంటోలో ఒకే సీజన్ ఆడి, 2019 టైటిల్ గెలిపించి వెళ్ళిపోతే, డిసెంబర్‌లో తిరిగొచ్చినప్పుడు జనం నిలబడి చప్పట్లు కొట్టారు, రింగ్ చేతికిచ్చారు. పాత ఊరి ఖాతా అక్కడితో సరి. కొత్త ఊరి ఖాతా వేరు. ఓక్లహోమా ఆటగాడు పాల్ జార్జ్ పక్కన ఉంటేనే తను వస్తానని కవాయ్ పెట్టిన ఒత్తిడిలో క్లిప్పర్స్, ఓక్లహోమాకి షే గిల్జస్ అలెగ్జాండర్‌ని, గలినారిని, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లని (డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లో కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) ఇచ్చేసింది. అందులో ఒక పిక్‌తో ఓక్లహోమా జేలెన్ విలియమ్స్‌ని తీసుకుంది. 2025లో ఓక్లహోమా టైటిల్ కొట్టింది, షే ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ రెండూ తీసుకున్నాడు. క్లిప్పర్స్ ఈ కాలంలో వెస్ట్ ఫైనల్ దాటలేదు. 2019 జూలైలో క్లిప్పర్స్‌ని మెచ్చుకుంటూ రాసినవి ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. కాబట్టి సంతకంతో పాటు కదిలిన పిక్‌ల జాబితా, సంవత్సరాలతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఐదారేళ్ళకి పనికొస్తుంది.

వెళ్ళనివాళ్ళని వెంటనే దేవుళ్ళని చేయడం కూడా తొందరపాటే. డర్క్ నొవిట్స్కీ 21 సీజన్లు డాలస్‌కే ఆడాడు, 2014లో మూడేళ్ళకి 2.5 కోట్లకే ఒప్పుకున్నాడు. అది త్యాగమే. యానిస్ 2020లో మిల్వాకీతో సూపర్‌మాక్స్ తీసుకుని 2021లో గెలిపించాడు. అది మంచి నిర్ణయం, కానీ త్యాగం కాదు, లీగ్‌లో దొరికే గరిష్ఠ మొత్తం అది.

తొందరపడితే ఎక్కడ దెబ్బ తింటారు

జూలై 1 పొద్దున వచ్చేవి చాలావరకు నోటి ఒప్పందాలే. కొన్ని రకాల కాంట్రాక్ట్‌లు తప్ప మిగతావాటి మీద సంతకాలు జూలై 6 మధ్యాహ్నం అక్కడి సమయం దాకా కుదరవు, అంటే మనకి రాత్రి 9:30 దాటాక. 2015లో డీఆండ్రే జోర్డాన్ డాలస్‌కి మాట ఇచ్చాడు. గడువు ముగిసే లోపు క్లిప్పర్స్ ఆటగాళ్ళు హ్యూస్టన్‌లోని అతని ఇంటికి వెళ్ళి కూర్చున్నారు, అర్ధరాత్రి దాటగానే పాత టీమ్‌తోనే సంతకం. మధ్యలో డాలస్ జెర్సీ ఆర్డర్ పెట్టినవాళ్ళ గతి ఊహించుకోండి.

పేరులో ఒక అక్షరం మార్చిన దొంగ ఖాతాలు సరిగ్గా ఈ వారంలోనే పుట్టుకొస్తాయి. రిపోర్టర్ ఖాతా ఎప్పుడు తెరిచిందో, పాత పోస్టులు ఉన్నాయో లేవో చూడకుండా గ్రూపులో పడేయకండి. ఖాయమా కాదా తేల్చేది ఎన్‌బీఏ సైట్‌లోని ట్రాన్సాక్షన్స్ పేజీ, లేదా టీమ్ సొంత ప్రకటన.

గంట కొట్టిన రెండో నిమిషంలోనే బయటి టీమ్‌తో డీల్ అని వస్తే ముందే మాట్లాడుకున్నారని అర్థం, అది లీగ్ నియమాల ప్రకారం తప్పే కానీ శిక్ష చిన్నది. 2022లో జేలెన్ బ్రన్సన్ విషయంలో న్యూయార్క్ పోగొట్టుకున్నది ఒక సెకండ్ రౌండ్ పిక్. ఈ మచ్చ టీమ్‌కే, ఆటగాడి పరువు మీద వేయకండి.

తీర్పుని ఒక్కసారే రాసి మూసేయకుండా మూడు తేదీల్లో మళ్ళీ తెరవండి. ఒకటి పాత ఊరికి మొదటిసారి ఆడటానికి వెళ్ళే రోజు. 2010 డిసెంబర్ 2న క్లీవ్‌లాండ్‌లో లెబ్రాన్ బంతి ముట్టినప్పుడల్లా అరుపులే, అతను 38 పాయింట్లు వేశాడు, మయామీ 118–90తో గెలిచింది. రెండోది కొత్త టీమ్‌తో మొదటి ప్లేఆఫ్స్ ముగిసిన రోజు. మూడోది కాంట్రాక్ట్‌లోంచి బయటపడే వీలు వచ్చే జూన్. ఈ చివరి తేదీ కోసం, హెడ్‌లైన్‌లో 'నాలుగేళ్ళు' అని చూసినప్పుడు పక్కనే ప్లేయర్ ఆప్షన్ అని ఉందేమో వెతకండి. ఉంటే నాలుగో ఏడాది ఉండాలా వద్దా అన్నది అతని చేతిలో ఉంటుంది, మూడో సీజన్ అయ్యాక వచ్చే జూలై 1కి మళ్ళీ 3:30కి అలారం పెట్టుకోవాలి.